పురి

మార్ష్రూట్కా వెనకద్దం మీద అంటించిన ప్రకటనకు
ఆయుష్షు మూడు సెకన్లు.
సిగ్నల్ పడితే పదకొండు.
దిదూబే అడ్డాలో వాన పట్టుకుంటే
అందులో సగం వెనకొచ్చే కారు వైపరు తినేస్తుంది.

ఈ లెక్క నాకు తెలుసు.
తెలిసే చేశాను.

అన్జోర్‌ది రొట్టెల కొట్టు.
నేలలోకి దించిన మట్టిపొయ్యి,
దాని లోగోడకు చరిచి అంటించే పడవల్లాంటి రొట్టెలు.
ఆయనకు కావలసింది రెండు మాటలు: వేడి పురి.
నేనిచ్చింది బూడిదరంగు మీద ఇంకాస్త లేత బూడిద,
సాలీడు సగంలో మానేసిన పోగంత గీత.

మా లిపిలో మాట మొదట తలెగరేసే అక్షరం లేదు.
శీర్షికల కోసం మాత్రం
అందర్నీ ఒకే ఎత్తుకు లాగి నిలబెట్టే పద్ధతొకటుంది.

పురి అని మామూలుగా రాస్తే
మొదటిది చెయ్యెత్తుతుంది,
రెండోది కాలు కిందికి జారుస్తుంది,
మూడోది మళ్లీ చెయ్యెత్తుతుంది,
చివరిది మధ్యలో చతికిలబడుతుంది.
ఆ ఎగుడుదిగుడే మాటకు మొహం.
వీధి చివర్నుంచి తెలిసిన మనిషిని
నడకను బట్టి పోల్చుకున్నట్టు
కన్ను పోల్చుకునేది దాన్నే.

నేను కొమ్ములు కోశాను. తోకలు కత్తిరించాను.
నలుగుర్నీ గోడకానించి ఒకే ఎత్తున నిలబెట్టి
మధ్యలో మనిషి దూరేంత ఖాళీ వదిలాను.
అక్షరాలకు ఊపిరాడాలి కదా, అన్నాడు మా రేజో.

ఆఫీసు గోడ మీద, రెండడుగుల దూరంలో,
చేతిలో కాఫీతో చూస్తే
ఏం చెప్పను, కళ్లు చెమర్చేంత బాగుంది.
అన్జోర్ కూడా మురిసిపోయాడు (ఇది నా సాకు).
చేతుల పిండి కాగితానికి అంటకుండా
వెనక్కి కట్టుకుని
"యూరప్‌లా ఉంది" అన్నాడు.

నెల తిరిగేలోపు కొట్టుకు ముగ్గురొచ్చారట,
పళ్ల డాక్టరున్నాడా అని.
ఒకాయన టోపీ తీసి, గొంతు తగ్గించి
పోయిందెవరని అడిగాడట.

అప్పుడు వెళ్లి నిలబడ్డాను అడ్డాలో,
పొద్దుతిరుగుడు గింజలమ్మే త్సిత్సినో పక్కన,
వాచీ చూసుకుంటూ.
బండి వచ్చింది. పోయింది.
"ఏం రాసుందమ్మా దాని మీద?"
"రాసుందా? కంచె బొమ్మ అనుకున్నా."
కాసేపాగి, నా మొహం చూసి
"కంచె బాగానే ఉంది" అంది.
గింజలు పొట్లం కట్టి చేతిలో పెట్టింది.
డబ్బు తీసుకోలేదు.

అందం కొరుక్కు తింటామా, అనేది మా నాయనమ్మ.
ఆ రాత్రంతా అదే వినపడింది.

కోసిన కొమ్ములు మొలిపించాను.
తోకలు అతికించాను.
గోధుమ పసుపు మీద బొగ్గు నలుపు,
చెయ్యి చెయ్యి తగిలేంత దగ్గరగా.
రేజో చూసి, "కిరాణా కొట్టులా ఉంది."
"రొట్టెల కొట్టే," అన్నాను.

గురువారం వానలో వెళ్లింది కొత్త బండి.
చదువుతున్నానని తెలిసేలోపే చదివేశాను.
ఆ బురదలో, ఆ హారన్లలో
మాట పురి విప్పింది.
వేడి రొట్టె వాసన ముక్కుకు తగిలింది అని రాయాలనుంది గానీ
తగిలింది డీజిలే.
ఆకలి మాత్రం వేసింది.

గెలిచాననుకుంటూ కొట్టుకెళ్లాను, సాయంత్రం ఏడింటికి.
తలుపు మూసుంది.
అద్దానికి అట్టముక్క,
అన్జోర్ సొంత చేత్తో, అరిగిన మార్కరుతో,
చోటు చాలక చివరి రెండక్షరాలు మూలకి ఒరిగి:
అయిపోయింది. రేపు ఆరింటికి.

రోడ్డుకు అవతల
తల్లి చెయ్యి పట్టుకున్న పిల్లాడొకడు
దాటబోతూ ఆగి, అది చదివి,
ఆమెను వెనక్కి లాక్కుపోయాడు.